గడ్డిచేపకు రక్తపరీక్ష

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని లోనోక్ చుట్టుపక్కల చేపల రైతులు గడ్డిచేపను ట్రిప్లాయిడ్ అని, అంటే మూడు వరుసల క్రోమోజోములుండి సంతానం కలగని చేప అని చెప్పి అమ్మాలంటే ముందు దాని రక్తం చూడాలి. లాట్‌కు పదో పరకో తీసి చూస్తే సరిపోదు. వెయ్యి చేపలుంటే వెయ్యింటికీ సూది గుచ్చాల్సిందే. పరీక్షలో నెగ్గినవాటిని వేరే తొట్లలో పెట్టి, కేంద్ర ప్రభుత్వ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఇన్‌స్పెక్టరుకు కబురు పెడతారు. ఆయన కళ్ల ముందు 120 చేపల్ని ఏరి, వాటి రక్తం మళ్లీ చూస్తారు. అందులో ఒక్కటంటే ఒక్కటి తేడాగా వచ్చినా లాట్ మొత్తం వెనక్కి పోతుంది. రైతు మళ్లీ మొదటి చేప నుంచి పరీక్షించుకోవాలి. గడ్డి తిని బతికే ఒక చేప మీద ఇంత అనుమానం ఎందుకు పుట్టిందన్న కథ 1963లో మొదలవుతుంది.

ఆ ఏడాది అమెరికాకు గడ్డిచేప పిల్లలు రెండు దారుల్లో వచ్చాయి. మలేషియా నుంచి కొన్ని ఆర్కన్సాలోని స్టట్‌గార్ట్ చేపల ప్రయోగకేంద్రానికి, తైవాన్ నుంచి కొన్ని అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చేరాయి. రేచెల్ కార్సన్ పుస్తకం 'సైలెంట్ స్ప్రింగ్' అంతకు ముందు ఏడాదే వెలువడి, నేల మీదా నీళ్లలోనూ చల్లే మందులంటే జనానికి భయం పట్టుకున్న కాలం. చెరువులో నాచు పెరిగితే మందు కొట్టనక్కర లేకుండా తినేసే చేప దొరికిందంటే శాస్త్రవేత్తలకు అంతకన్నా ఏం కావాలి? ఆమూరు నది మొదలు దక్షిణ చైనా దాకా తూర్పు ఆసియా నదుల్లో పుట్టి పెరిగే ఈ చేపను చైనా రైతులు శతాబ్దాలుగా కోసిన గడ్డి వేసి పెంచుతూనే ఉన్నారు.

మన దేశం ఈ విషయంలో అమెరికా కన్నా ముందుంది. 1959లో హాంకాంగ్ నుంచి గడ్డిచేపలు కటక్ చేరాయి. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించింది కూడా ఒడిశాలోనే. అదే పద్ధతిలో 1962లో కె.హెచ్. అలికున్హి బృందం కటక్‌లో గడ్డిచేప చేత గుడ్లు పెట్టించింది. అమెరికాలో ఆ పని 1966లో గానీ జరగలేదు. అదే సంవత్సరం స్టట్‌గార్ట్ కేంద్రం నుంచి కొన్ని చేపలు తప్పించుకుని బయటి నీళ్లలో పడ్డాయి.

అప్పుడు ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. దానికి కారణం ఉంది. గడ్డిచేప గుడ్లు అడుగున అంటుకుని ఉండవు. ప్రవాహంలో తేలుతూ, దొర్లుతూ చాలా దూరం కొట్టుకుపోతేనే పొదుగుతాయి. అలాంటి పొడవైన నది, అలాంటి వరద దాని సొంత దేశంలో తప్ప దొరకవనుకున్నారు. మిసిసిపీ అంతటి నదిని పక్కన పెట్టుకుని ఆ ధీమా ఎలా కలిగిందో ఇవాళ ఆలోచిస్తే బాధ కలుగుతుంది. 1970ల మొదట్లో ఆర్కన్సా ప్రభుత్వమే అనేక సరస్సుల్లో గడ్డిచేపను వదిలింది. ఆ దశకం నడిమికి మిసిసిపీ దిగువ భాగంలో దాని లార్వాలు వలలకు దొరికాయి. అంటే నదిలో గుడ్లు పెడుతోందన్నమాట. చాలా రాష్ట్రాలు తలుపులు మూసేశాయి. నాచు తినడానికి దీన్ని మించిన చేప లేదు, కానీ అది పిల్లల్ని పెట్టడానికి వీల్లేదు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎలా కుదురుతాయన్నదే తర్వాతి పదేళ్ల ప్రశ్న.

మొదటి ప్రయత్నం ఆడచేపల్ని మాత్రమే తయారుచేయడం. స్టట్‌గార్ట్‌లో జాన్ స్టాన్లీ 1970ల్లో తండ్రి క్రోమోజోములు కలవకుండానే గుడ్డును పిండంగా ఎదిగించే పద్ధతితో ఆడ గడ్డిచేపల్ని పుట్టించాడు. ఒక్క మగచేప కూడా లేని సరస్సులో అవి పనికొస్తాయి. నదిలో ముందే మగవి తిరుగుతుంటే ఈ కష్టమంతా వృథా. రెండో దారి సంకరం. హంగరీలో మరియాన్, క్రాస్నాయ్ అనే పరిశోధకులు ఆడ గడ్డిచేపనూ బిగ్‌హెడ్ అనే మరో జాతి కార్ప్ మగచేపనూ కలిపి పుట్టిన పిల్లల్లో 72 క్రోమోజోములున్నట్టు 1978లో చూపించారు. మామూలు గడ్డిచేపలో ఉండేవి 48. ఆ మరుసటి ఏడాదే లోనోక్ రైతు జిమ్ మలోన్ ఆ సంకర చేపను వ్యాపారానికి పెంచడం మొదలుపెట్టాడు. కానీ అది తల్లిలా ఆబగా తినలేదు. పైగా ఒకే విడతలో పుట్టిన పిల్లల్లో కొన్నింటికి మూడు వరుసల క్రోమోజోములు, కొన్నింటికి రెండే వరుసలు. నాచు తినని చేపను నాచు కోసం ఎవరు కొంటారు?

ఆ సంకర చేప వ్యాపారంగా నిలబడకపోయినా ఒక దారి చూపింది. కావలసింది వేరే జాతి రక్తం కాదు, మూడో వరుస క్రోమోజోములు.

చేపలో మూడో వరుసను నిలపడం అప్పటికే తెలిసిన విద్య. దాని తొలినాళ్లలో మన దేశపు శాస్త్రవేత్త పేరు ఒకటుంది. హెచ్. స్వరూప్ స్టికిల్‌బ్యాక్ అనే చిన్న ముళ్ల చేప గుడ్లను ఫలదీకరణ అయిన వెంటనే చలికీ వేడికీ గురిచేసి ట్రిప్లాయిడ్లను, అంటే త్రయస్థితిక చేపల్ని పుట్టించాడు. 1959లో ఆయన వ్యాసం 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్'లో అచ్చయింది. అప్పటికి ఆ పత్రిక చిరునామా కలకత్తా. సంపాదకుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశానికి వస్తూ పత్రికనూ వెంట తెచ్చుకున్నాడు. 1964లో భువనేశ్వర్‌లో ఆయన కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ట్రిప్లాయిడ్ చేప చరిత్ర రాసేవారు యూరప్, అమెరికా పేర్లతోనే మొదలుపెట్టి ముగించడం కద్దు. ఈ కలకత్తా అధ్యాయాన్ని వదిలేయడం అన్యాయం. స్వరూప్ తర్వాత ఇంగ్లండులో పర్డమ్ 1972లో సముద్రపు ప్లేస్ చేప మీద ఇలాంటి ఫలితాలే ప్రకటించాడు.

ఇందులోని కిటుకంతా కొద్ది నిమిషాల్లో ఉంది. చేప గుడ్డు తల్లి పొట్టలోంచి బయటికి వచ్చేసరికి దాని విభజన సగంలో ఆగి ఉంటుంది. తల్లి క్రోమోజోములు అందులో ఇంకా రెండు వరుసలకు సరిపడా ఉంటాయి. వీర్యకణం తగిలాక గుడ్డు మేల్కొని ఒక వరుసను, అంటే 24 క్రోమోజోములను, రెండో ధ్రువదేహం రూపంలో బయటికి నెట్టేస్తుంది. మిగిలిన 24కు తండ్రివి 24 కలిసి 48 అవుతాయి. సరిగ్గా ఆ నెట్టే సమయంలో గుడ్డుకు గట్టి దెబ్బ తగిలితే, క్రోమోజోములను లాగే కండె తంతువులు విచ్చిపోతాయి. పోవలసిన వరుస లోపలే ఉండిపోతుంది. 24, 24, 24, మొత్తం 72. ఆ చేప తింటుంది, ఈదుతుంది, పెరుగుతుంది. బీజకణాలు తయారుచేసుకునే వయసు వచ్చాక మాత్రం చిక్కు వస్తుంది. క్రోమోజోములు రెండేసి జతకట్టి విడిపోవాలి. మూడు ఉన్నచోట ఆ లెక్క కుదరదు. ఆడచేపలో అండాశయం ఎదగదు. మగచేపలో కొంత వీర్యం తయారైనా దానితో బతికే పిల్లలు పుట్టవు.

చలి, వేడి దెబ్బలతో లోనోక్‌లో మలోన్ కుటుంబ సంస్థ 1983లో ట్రిప్లాయిడ్ గడ్డిచేపను పుట్టించింది. అదే కాలంలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్‌లో జాన్ కసానీ, విలియం కేటన్ ఆ పని మీదే ఉన్నారు. వాళ్లు పనిచేసిన సంస్థ గుర్రపుడెక్క తొలగించడానికి ఏర్పడిన లీ కౌంటీ హయసింత్ కంట్రోల్ డిస్ట్రిక్ట్. కలుపు తీసే శాఖ చేప జన్యుశాస్త్రంలోకి దిగిందంటే అక్కడి కాలువల పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆక్వేరియంల వ్యాపారం పేరిట 1950ల్లో ఫ్లోరిడాకు చేరిన హైడ్రిల్లా, మన చెరువుల్లోనూ పెరిగే నాచే, అక్కడి నీళ్లను కమ్మేసింది.

వేడి, చలి దెబ్బలతో ఫలితం నిలకడగా ఉండేది కాదు. ఒక విడతలో చాలా గుడ్లు మారేవి, మరో విడతలో కొన్నే. ఇంకో విడతలో సగానికి సగం చచ్చిపోయేవి. 1986లో కసానీ, కేటన్ ఒత్తిడి పద్ధతి ఫలితాలు ప్రకటించారు. ఇంజెక్షన్ పడిన తల్లిచేప పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు, మగచేప వీర్యం కలుపుతారు, నీళ్లు పోసి గడియారం చూస్తారు. నాలుగు నిమిషాలు కాగానే ఆ గుడ్లను దళసరి ఉక్కు గొట్టంలో పోసి, గాలి బుడగ లేకుండా మూసి, హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టి చదరపు అంగుళానికి 7,000 నుంచి 8,000 పౌండ్ల దాకా ఒత్తిడి ఎక్కిస్తారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది రెండు వందల రెట్ల పైమాటే. నిమిషం, రెండు నిమిషాలు అలా ఉంచి వదిలేస్తారు. గుడ్డు పగలదు, ఎందుకంటే ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది. లోపలి తంతువులు మాత్రం విచ్చిపోతాయి. సరైన క్షణం పట్టుకుంటే దాదాపు అన్ని పిల్లలూ ట్రిప్లాయిడ్లే. నీటి వేడి మారితే ఆ క్షణమూ మారుతుంది కాబట్టి హేచరీలో థర్మామీటరు, గడియారం రెండూ చేతిలో ఉండాల్సిందే.

అసలు సమస్య ఆ 'దాదాపు' దగ్గరే వచ్చింది. నూటికి తొంభై ఎనిమిది మారాయనుకుందాం. లక్ష పిల్లల్లో రెండు వేలు మామూలు చేపలుగా మిగిలినట్టు. అవి నదిలో పడితే 1966 కథే మళ్లీ నడుస్తుంది. చూపుకు ట్రిప్లాయిడ్‌కూ మామూలు చేపకూ ఏ తేడా లేదు. పొలుసు ఒకటే, రంగు ఒకటే, ఈత ఒకటే. తేడా కణం లోపల ఉంది. క్రోమోజోములను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం నమ్మకమైన దారే గానీ, ఒక్కో చేపకు ఎంతో సమయం పడుతుంది, పిండాల విషయంలో అయితే వాటిని చంపాలి కూడా. అమ్మే చేపను చంపి పరీక్షిస్తే అమ్మడానికేం మిగులుతుంది?

దారి రక్తం చూపించింది. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, చేప కణంలో ఉంటుంది. మూడు వరుసల క్రోమోజోములున్న కేంద్రకం రెండు వరుసలున్నదాని కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దది. స్టాండిష్ అలెన్ 1983లో ఫ్లో సైటోమెట్రీతో చేపల్లో, గుల్లచేపల్లో డీఎన్‌ఏ పరిమాణాన్ని కొలిచి తేడా పట్టవచ్చని చూపించాడు. అది ప్రయోగశాలకు సరిపోయే ఖరీదైన యంత్రం. చెరువు గట్టుకు సరిపోయే యంత్రం వేరే చోట నుంచి వచ్చింది.

ఆ యంత్రం పేరు కూల్టర్ కౌంటర్. ఆసుపత్రుల్లో మనుషుల రక్తకణాలు లెక్కపెట్టడానికి వాలెస్ కూల్టర్ కనిపెట్టి, 1953లో పేటెంటు పొందిన సాధనం అది. ఉప్పునీటిలో కలిపిన కణాలు సన్నని రంధ్రం గుండా ఒక్కొక్కటిగా వెళతాయి. ఆ రంధ్రంలోంచి విద్యుత్తు పారుతుంటుంది. కణం అడ్డొచ్చినప్పుడల్లా ప్రవాహం ఒక్క క్షణం తగ్గుతుంది. కణం ఎంత పెద్దదైతే తగ్గుదల అంత ఎక్కువ. ఫ్లోరిడా గేమ్ అండ్ ఫ్రెష్‌వాటర్ ఫిష్ కమిషన్‌లో పనిచేసిన రోజర్ వాటెన్‌డార్ఫ్ దీన్ని గడ్డిచేపకు వాడే పద్ధతిని 1986లో వివరించాడు. చుక్క రక్తంలో కణాల పైపొరను కరిగించే మందు వేస్తే కేంద్రకాలు మాత్రమే మిగులుతాయి. వాటి పరిమాణం యంత్రం చూపిస్తుంది. చేప చావదు, ఫలితం వెంటనే తెలుస్తుంది. కూల్టర్ పుట్టింది ఆర్కన్సా రాజధాని లిటిల్ రాక్‌లో. ఆయన మనుషుల కోసం చేసిన యంత్రం తిరిగి తిరిగి ఆయన సొంత రాష్ట్రంలోనే చేపల రైతులకు జీవనాధారం అయింది.

ఇలా 1980ల నడుమ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి రూపుదిద్దుకుంది. 120 అన్న సంఖ్య గాలిలోంచి పుట్టింది కాదు. లాట్‌లో నూటికి రెండున్నర మామూలు చేపలు కలిసి ఉన్నాయనుకుంటే, అందులో నుంచి 120 తీసినప్పుడు ఒక్కటి కూడా తగలకుండా పోయే అవకాశం నూటికి అయిదు కన్నా తక్కువ. రైతు అప్పటికే ప్రతి చేపనూ చూసి ఉంటాడు కాబట్టి ఇన్‌స్పెక్టరు చేసేది చేపల పరీక్ష కన్నా రైతు పనితనానికి పరీక్ష. ఈ వ్యాపారం మూడు దశాబ్దాల పైన నిలబడడానికి మూలం ఉక్కు గొట్టం కాదు, ఈ రెండో పరీక్షే. ట్రిప్లాయిడ్లను చేయడం నేర్చుకున్నవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. చేసినదాన్ని చేప చేపకూ నిరూపించి, ఆ నిరూపణను మూడో మనిషి చేత ఒప్పించుకున్నవాళ్లు తక్కువ.

ఆ ధ్రువపత్రం విలువ రెండు జలాశయాల కథ చూస్తే తెలుస్తుంది. టెక్సస్‌లోని లేక్ కాన్రోలో హైడ్రిల్లా పెరిగిపోతే 1981, 1982ల్లో 2,70,000 గడ్డిచేపల్ని వదిలారు. అవన్నీ మామూలు చేపలే. 1983 నాటికి నీటిలో మొక్క అన్నది మిగల్లేదు. అలాంటి చేపలు నది దాకా చేరితే ఏమవుతుందన్న భయం ఎన్నో రాష్ట్రాలకు పట్టుకుంది. సౌత్ కరొలైనాలోని సాంటీ కూపర్ జలాశయాల్లోనూ హైడ్రిల్లా వేల ఎకరాలు ఆక్రమించింది. అక్కడ 1989 నుంచి 1996 వరకు దశలవారీగా 7,68,500 ట్రిప్లాయిడ్లను వదిలారు. హైడ్రిల్లా అదుపులోకి వచ్చింది. పిల్లలు పెట్టవు కాబట్టి, చేపలు వయసు మీరి చచ్చే కొద్దీ సంఖ్య దానంతటదే తగ్గుతుంది. అధికారులు అంత పెద్ద సంఖ్యకు ధైర్యం చేయగలిగింది ఆ నమ్మకంతోనే. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ సాగునీటి సంస్థ అయితే తన కాలువల కోసం సొంతంగా ట్రిప్లాయిడ్ హేచరీనే పెట్టుకుంది. అయితే సంతానం లేకపోవడం ఆకలిని తగ్గించదన్న సంగతి మరచిపోకూడదు. ట్రిప్లాయిడ్ చేప పదేళ్ల పైన బతికి కావలసిన మొక్కనూ అక్కరలేని మొక్కనూ కలిపి తింటుంది. ఎన్ని వదలాలన్న లెక్క తప్పితే, సరిదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

చట్టంలో మిగిలిన సందుల నుంచి పాత ముప్పు బయటపడుతూనే ఉంది. కొన్ని రాష్ట్రాలు చాలాకాలం మామూలు గడ్డిచేపను కూడా అమ్మనిచ్చాయి. 2012లో ఒహాయోలోని శాండస్కీ నదిలో చిన్న గడ్డిచేపలు దొరికాయి. వాటి చెవి ఎముకలోని రసాయన గుర్తుల్ని బట్టి, అవి చెరువులో కాక ఆ నదిలోనే పుట్టాయని శాస్త్రవేత్తలు తేల్చారు. 2015లో ఆ నదిలో గుడ్లు కూడా దొరికాయి. అది ఈరీ సరస్సులో కలిసే నది. అక్కడ పట్టుబడిన ప్రతి గడ్డిచేపకూ ఇప్పుడు చూసే మొదటి సంగతి దాని రక్తంలో ఎన్ని వరుసలున్నాయన్నదే. మలోన్, వాటెన్‌డార్ఫ్‌ల కాలంలో పుట్టిన పరీక్ష నేరం జరిగాక ఆనవాలు పట్టే సాధనంగా కూడా మారింది.

ఇతర చేపలకూ ఈ ఆచారం పాకింది. అమెరికాలో ఐడహో రాష్ట్రం స్థానిక ట్రౌట్‌ను కాపాడుకోవడానికి 2001 నుంచి ట్రిప్లాయిడ్ రెయిన్‌బో ట్రౌట్‌ను వదలడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో 2015 నుంచి నదుల్లో వదిలే బ్రౌన్ ట్రౌట్ ట్రిప్లాయిడ్ అయినా కావాలి, ఆ నదికే చెందిన తల్లిచేపల సంతానమైనా కావాలి.

మరి మన దగ్గర? భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి జలచర పరిశోధన సంస్థలో పి.వి.జి.కె. రెడ్డి, ఆయన సహచరులు రోహు, కట్ల గుడ్లకు ఇలాంటి దెబ్బలే ఇచ్చి చూసి, 1990లో తొలి ఫలితాలు ప్రకటించారు. ఆ పని చెరువుల దాకా రాలేదు. రాకపోవడంలో వింతేమీ లేదు. కొల్లేరు చుట్టూ పెరిగే రోహు, కట్ల మన నదుల చేపలే. నిలవ నీటి చెరువులో అవి ఎలాగూ గుడ్లు పెట్టవు, బయటికి పోయినా పరాయి జాతి కాదు. కోట్ల లెక్కన, పైసల ధరకు అమ్మే పిల్లలకు ఒక్కోదానికి రక్తం తీసే ఖర్చు ఏ హేచరీ భరించలేదు. సంతానం ఆపవలసిన అవసరం లేనిచోట ట్రిప్లాయిడ్ అవసరం లేదు.

అవసరం ఉన్నచోటు వేరే ఉంది. తిలాపియా చెరువులోనే చిన్న వయసులో పిల్లలు పెట్టి, బయటి నీళ్లలో పడితే స్థానిక చేపల తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం మేలుజాతి గిఫ్ట్ తిలాపియాను పెంచుతోంది. దేశంలో తిలాపియా సాగుకు అనుమతి అన్నీ మగచేపలైనా కావాలి, సంతానం కలగనివైనా కావాలి అన్న షరతు మీద ఆధారపడి ఉంది. ఆర్కన్సా రైతులు ఎదుర్కొన్న 'దాదాపు' సమస్యే ఇక్కడా ఉంది. హార్మోను కలిపిన మేతతో మగగా మార్చిన పిల్లల్లో నూటికి ఒకటి రెండు ఆడవి మిగలవచ్చు. చూపుకు, ముఖ్యంగా చిన్నతనంలో, తేడా తెలియదు. 2000లో నిషేధించిన థాయ్ మాగుర్ అనే విదేశీ చేప ఇప్పటికీ దొంగచాటుగా చెరువుల్లో దొరకడం చూస్తే, కాగితం మీది నిషేధం ఒక్కటే చేపను ఆపదని తెలుస్తూనే ఉంది. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల మత్స్యశాఖలను కోరేది ఒక్కటే: సంతానం ఉండదని చెప్పి అమ్మే ప్రతి విదేశీ చేప విత్తనానికీ, హేచరీతో సంబంధం లేని మూడో సంస్థ చేసిన పరీక్ష ఫలితం లాట్ వారీగా జతపరచాలి. పిల్లల్ని కొనే రైతు కూడా బిల్లుతో పాటు ఆ కాగితం అడిగి తీసుకోవాలి.